నలభై ఒక్క వేల రేవులు

శుభవార్త వచ్చేసరికి ప్రసూన కాజా తింటోంది. గొట్టం కాజా తినడానికి ఒక పద్ధతుంది. పాకం చుబుకం మీదికి జారకుండా తల కాస్త వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని కొరకాలి. అలా కళ్ళు మూసుకున్న క్షణంలోనే ఎం.డి. త్రివిక్రమరావు గారు తన గదిలోంచి కాగితం పట్టుకుని, పరుగుకి కొంచెం తక్కువైన నడకతో హాల్లోకి వచ్చారు.

"సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా," అన్నారాయన. మంచినీళ్ళు కావాలన్నా ఆయన అలాగే అడుగుతారు. "మన సంస్థ రాష్ట్రంలోనే మొట్టమొదటి శూన్య అసంతృప్తి సంస్థగా ఎంపిక చేయబడినది!"

హాల్లో ఉన్న తొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు. ప్రసూన కూడా కొట్టబోయి, కాజా సంగతి గుర్తొచ్చి, ఖాళీగా ఉన్న చేత్తో బల్ల మీద కొట్టింది.

ఆ సంస్థ పేరు అంతర్జాల క్రీడా వినోదాభివృద్ధి సంస్థ. కాకినాడలో ఒక పాత బంగళా పై అంతస్తులో ఉంది. పరాయి దేశాల ఆటలు ఆడి మనవాళ్ళ వేళ్ళు అరిగిపోతున్నాయనీ, ఎలాగూ అరిగేవే అయినప్పుడు మన ఆట మీదే అరిగితే బాగుంటుందనీ ఎవరో పెద్దవారికి తోచి దీన్ని పెట్టించారు. సంస్థ తయారుచేసిన ఆట ఒక్కటే. దాని పేరు 'రేవు'. ఒక గోదారి పాయ, నాలుగు లంకలు, ఒక రేవు. ఆట మొదలెట్టగానే మనకో పడవ ఇస్తారు. అరటి గెలలు వేసుకుని అవతలి ఒడ్డుకి చేరవేయొచ్చు, వల వేయొచ్చు, పందేలు కట్టొచ్చు. ఏమీ చేయకుండా కూర్చోవడానికీ అభ్యంతరం లేదు. యాకూబ్ అనే ప్రోగ్రామరు రెండేళ్ళు ఒంటిచేత్తో, ఇల్లు కట్టుకున్నంత ఇష్టంగా దాన్ని తయారుచేశాడు. నలభై ఒక్క వేలమంది ఆడుతున్నారు. ఇంతమంది ఆడుతున్న సంగతి సంస్థకి కిందటేడాది దాకా తెలియదు.

త్రివిక్రమరావు గారు తూనికలు కొలతల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో కాటాకి అందని వస్తువుని ఆయన నమ్మలేదు. ఆట అన్నది చిన్నప్పుడైనా ఆడారో లేదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"నేటి నుంచి తొంభై దినములు గడువు," అని ఆయన కాగితం చదివారు. "తొంభయ్యో దినాన ఒక్క ఫిర్యాదు కూడా పెండింగులో ఉండరాదు. ఫిర్యాదు మూసివేయు అధికారం మనకు లేదు. ఫిర్యాదుదారుడే స్వయంగా 'తృప్తి' అను బటన్ నొక్కవలెను. లక్ష్యము సాధించినచో, సిబ్బందిలో ప్రతి ఒక్కరి వ్యక్తిగత విన్నపము ఒకటి చొప్పున, పై వారి సిఫార్సుతో పరిష్కరించబడును."

ప్రసూన నోట్లో కాజా ఆగిపోయింది.

ఆమెకి పెళ్ళయి మూడు నెలల పదకొండు రోజులు. భర్త భార్గవ వ్యవసాయాధికారి. ఉద్యోగం పలమనేరులో. కాకినాడకీ పలమనేరుకీ మధ్య ఏడువందల పైచిలుకు కిలోమీటర్లున్నాయి. బదిలీ దరఖాస్తు పెట్టారు. అది ఎక్కడో ఒక బల్ల మీద, ఏదో ఒక ఫైలు కింద సుఖంగా ఉంది. కొత్త దంపతులకే ఆ సుఖం లేదు.

అయినా వాళ్ళకో ఏర్పాటుంది. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఆమె కాకినాడలో, అతను పలమనేరులో 'రేవు'లోకి దిగుతారు. రేవుకి ఎడమపక్క, రెల్లుగడ్డి దాటాక ఒక పడవ బోర్లించి ఉంటుంది. దానివల్ల ఆటలో ఏ ప్రయోజనమూ లేదు. యాకూబ్ ఊరికే పెట్టాడు. ఇద్దరి బొమ్మలూ దాని మీద పక్కపక్కన కూర్చుంటాయి. కాసేపటికి ఒక కొంగ వచ్చి నీళ్ళలో నిలబడుతుంది. ఇంకాసేపటికి ఎగిరిపోతుంది. అంతే. ఫోన్ ఉందిగా అని ఆమె అక్క దెప్పేది. ఫోన్లో మాటలుంటాయి గానీ, మాటలు లేకుండా పక్కన కూర్చోవడం ఫోన్లో కుదరదు. పైగా అత్తగారు వినేచోట 'ఏవండీ' అనాల్సిన మనిషిని, ఆ పడవ మీద 'ఏవోయ్' అని పిలవచ్చు. ఆ ఒక్క 'ఏవోయ్' కోసం ప్రసూన రోజంతా ఎదురుచూస్తుంది.

ఆటగాళ్ళ ఫిర్యాదులు చూసే ఉద్యోగం ప్రసూనదే. ఇంతకాలం అది పెద్ద పని కాదు. "అలాగేనండీ, చూస్తామండీ" అని జవాబిస్తే వాళ్ళూ సంతోషించేవారు. ఇప్పుడలా కుదరదు. నలభై ఒక్క వేలమంది తృప్తికీ, తన కాపురానికీ మధ్య తనే నిలబడి ఉంది. మిగిలిన కాజా గబగబా తినేసి, చెయ్యి కడుక్కుని, నడుం బిగించింది.

* * *

ఎం.డి. గారి మొదటి చర్య అర్జీల పాక.

"అర్జీదారుడు కనబడని అర్జీ చెల్లదు," అన్నారాయన. "నంబరు తీసుకోవలెను. వరుసలో కూర్చోవలెను. పిలిచినప్పుడు లేచి రావలెను."

"సార్, వాళ్ళు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పంపుతారండి," అన్నాడు యాకూబ్.

"ఇంట్లో కూర్చున్నవాడు అర్జీదారుడు ఎట్లా అవుతాడయ్యా?"

దాంతో యాకూబ్ ఆటలోనే, రేవు పక్కన ఒక తాటాకు పాక వేశాడు. లోపల బెంచీలు, ఒక కిటికీ, కిటికీ వెనక ప్రసూన బొమ్మ. ఆటగాడు తన బొమ్మని నడిపించుకొచ్చి నంబరు తీసుకుని బెంచీ మీద కూర్చోవాలి. సోమవారం అర్జీల రోజు.

మొదటి సోమవారమే పాక నిండిపోయింది. అరటి గెల బరువెక్కువని ఒకరు, గెలకి బరువే లేదని ఒకరు. చేపలు తొందరగా పడుతున్నాయని ఒకరు, అసలు పడటం లేదని వాళ్ళ తమ్ముడు. వీళ్ళందర్నీ మించినవాళ్ళు ఇద్దరు.

ఒకరి పేరు ఆటలో 'రక్తనేత్ర'. అర్జీ సారాంశం: "ఈ నదిలో అపాయమే లేదు. మొసళ్ళు కావాలి. పెద్దవి." రెండోవారి పేరు 'వెన్నెలతరగ'. ఆ అర్జీ: "ఈ నదిలో గోల ఎక్కువైంది. పందేలు ఆపించండి. మనశ్శాంతి కావాలి."

వీళ్ళిద్దర్నీ ఎం.డి. గారు ఆఫీసుకే పిలిపించారు. రక్తనేత్ర మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, చేతిసంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు, రత్నమాణిక్యం గారు, అరవై మూడేళ్ళు. వెన్నెలతరగ తలుపులోంచి పక్కకి తిరిగి లోపలికి రావలసి వచ్చింది. సర్పవరం జంక్షన్లో జిమ్ నడిపే కిరీటి. మెడ ఉండాల్సిన చోట కూడా కండే ఉంది.

"ముప్ఫై ఏళ్ళు 'హలో, లైను బిజీగా ఉందండీ' అని మెత్తగా చెప్పానమ్మా," అంది రత్నమాణిక్యం గారు ప్రసూనతో. "ఇప్పుడైనా ఒక మొసలితో తలపడొద్దా?"

"పొద్దున్నించీ జిమ్ములో ఇనుం చప్పుడేనక్కా," అన్నాడు కిరీటి చిన్న గొంతుతో. "సాయంత్రం ఆ నీళ్ళ చప్పుడు వింటేగానీ నాకు అన్నం సయించదు. ఈవిడ గారు మొసళ్ళంటారేంటి!"

"నీ అంత మనిషికి మొసలంటే భయమేంట్రా?"

"భయం కాదు మామ్మగారూ, చిరాకు."

"మామ్మేంటి! ఆంటీ అను."

ఎం.డి. గారు చెయ్యెత్తారు. "ఉభయుల అర్జీలూ మంజూరు. మొసళ్ళు ప్రవేశపెట్టబడును. అయితే శాంతికి భంగం కలగకుండా, సదరు మొసలి కరవబోవు ముందు ఆటగాని లిఖితపూర్వక అంగీకారం పొందవలెను."

యాకూబ్ ప్రసూన వైపు చూశాడు. ప్రసూన కిటికీ వైపు చూసింది.

వారం తిరిగేసరికి నదిలో మొసళ్ళు దిగాయి. ఒక్కోటీ పన్నెండడుగులుంది. పడవ దగ్గరికి వచ్చి, నోరు తెరిచి, ఫారం ఇచ్చేది. "నన్ను కరుచుటకు ఇందుమూలముగా సమ్మతిస్తున్నాను / సమ్మతించుట లేదు." ఆటగాడు 'సమ్మతించుట లేదు' అంటే మొసలి నమస్కారం పెట్టి వెళ్ళిపోయేది. నమస్కారం ఎం.డి. గారు స్వహస్తాలతో చేర్చిన సవరణ.

ఇద్దరూ మళ్ళీ పాకకి వచ్చారు.

"మొసలంటే భయం వెయ్యాలమ్మా," అంది రక్తనేత్ర. "ఫారం పట్టుకొచ్చే మొసల్ని చూస్తే మా పాత సూపర్వైజరు గుర్తొస్తున్నాడు. కోపం వస్తోంది గానీ భయం వెయ్యట్లా."

"కరవట్లేదు, సంతోషం," అన్నాడు వెన్నెలతరగ. "కానీ అక్కా, ఫారం ఇచ్చేముందు గంట మోగుతోంది. సాయంత్రం కూర్చుంటే పద్దెనిమిది మొసళ్ళు గంట కొట్టాయి."

ఇద్దరూ బటన్ నొక్కలేదు.

ఆ తర్వాత పడవ పందేల వంతు వచ్చింది. ఓడినవాళ్ళంతా అసంతృప్తులే కదా. ఎం.డి. గారు లెక్క వేయించి చూస్తే, ఒక్క పందెంలో ఒక్కడు సంతోషిస్తుంటే పదకొండుమంది ఏడుస్తున్నారు. "ఇంత తరుగు ఏ కాటాలోనూ చూడలేదు," అని ఆశ్చర్యపోయి, ఇకనుంచి అందరూ మొదటి స్థానంలోనే రావాలని ఉత్తర్వు ఇచ్చారు. అందరూ మొదటొచ్చారు. మర్నాడే వరసగా అర్జీలు: "మేం గెలిచాం సరే, ఎవరి మీద గెలిచాం?"

ఆ ప్రశ్నలో న్యాయముందని ఆయన ఒప్పుకున్నారు. ఓడిపోవడానికి శాశ్వత ప్రాతిపదికన ఒక పోస్టు మంజూరైంది. యాకూబ్ ఒక బొమ్మని చేసి, పడవిచ్చి, వీరయ్య అని పేరు పెట్టాడు. వీరయ్య ప్రతి పందెంలోనూ చివర వస్తాడు. తెడ్డు జారవిడుచుకుంటాడు, తుమ్ముతాడు, ఒక్కోసారి వెనక్కి వెళ్తాడు. వారం రోజులు జనం హాయిగా గెలిచారు. ఎనిమిదో రోజున ఆరువేలమంది సంతకాలతో అర్జీ వచ్చింది. "వీరయ్యని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. అతన్ని ఒక్కసారైనా గెలిపించండి." మొదటి సంతకం రక్తనేత్రది.

వీరయ్యని గెలిపించారు. అంతమందీ ఓడిపోయారు. పాక బయట కూడా బెంచీలు వేయాల్సి వచ్చింది.

* * *

సాయంత్రాలు మాత్రం ఆరున్నరకి బోర్లించిన పడవ అలాగే ఉంది. మొసళ్ళు వచ్చి గంట కొట్టి వెళ్తున్నా, కొంగ కూడా తప్పకుండా వచ్చేది.

"ఇంకెన్ని ఉన్నాయోయ్ ఫిర్యాదులు?" అని రాశాడు భార్గవ.

"పద్నాలుగు వేలు. ఒకటి తీరిస్తే రెండు పుడుతున్నాయి."

"మా రైతులూ అంతే. వాన కావాలని ఒకడు, ఇప్పుడొద్దని ఆ పక్క చేనువాడు. ఇద్దరూ నా ఆఫీసుకే వస్తారు."

"మరి నువ్వేం చేస్తావు?"

"టీ ఇప్పిస్తాను. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని నన్ను తిట్టుకుంటారు. వెళ్ళేటప్పుడు ఒకే బండి మీద వెళ్తారు."

ప్రసూన నవ్వుకుంది. ఆ మాటలో తనకి పనికొచ్చేది ఉందని అప్పుడు ఆమెకి తట్టలేదు. ఆమె బుర్రలో ఒకటే లెక్క తిరుగుతోంది. తొంభై రోజుల్లో డెబ్భై అయిపోయాయి.

డెబ్భై ఒకటో రోజు సమావేశంలో ఎం.డి. గారు తల పట్టుకున్నారు. "ఒకరికి కిలో ఇస్తే ఇంకొకరికి వెలితి. ఇదేమి సరుకయ్యా?"

ప్రసూనకి ముందురోజు నిద్ర చాలలేదు. నోట్లోంచి మాట జారింది. "మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పధ్నాలుగుమంది పిల్లలం చేరేవాళ్ళం సార్. తినేటప్పుడు ఒకటే కొట్లాట. మా అమ్మమ్మ విసిగిపోయి ఎవరి గిన్నె వాళ్ళకిచ్చి ఒక్కొక్కర్ని ఒక్కో గదిలో కూర్చోబెట్టింది. అలా ఎవరి రేవు వాళ్ళకిచ్చేస్తే..."

ఎం.డి. గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్ళలో వెలుగు వచ్చింది. "ఎవరి కాటా వారికి! ఎవరి రాయి వారికి! అమ్మా, తమరు ఈ సంస్థకి కీర్తి తేగలవారు." అంటూనే ఉత్తర్వు రాయించడానికి గదిలోకి వెళ్ళిపోయారు.

"ఇంతకీ అమ్మమ్మ ఉపాయం పారిందా మేడం?" అని అడిగాడు యాకూబ్.

"కొట్లాట ఆగింది," అంది ప్రసూన మెల్లగా. "తినడం కూడా ఆగింది. మూడో రోజు ఆవిడే మళ్ళీ అందర్నీ ఒక వరసలో కూర్చోబెట్టింది. ఆ ముక్క చెప్పేలోపే సార్ వెళ్ళిపోయారు."

యాకూబ్ తన మటుకు తాను చెప్పి చూశాడు. "సార్, ఎవరి నది వాళ్ళకి ఇస్తే అది ఆట కాదండి, అద్దం."

"అద్దంలో మొహం చూసుకుని ఎవరైనా ఫిర్యాదు చేశారా?" అన్నారు ఎం.డి. గారు.

* * *

రెండు వారాల్లో నలభై ఒక్క వేల నదులు తయారయ్యాయి. రక్తనేత్ర నదిలో మొసళ్ళు ఫారం లేకుండా కరిచాయి. వెన్నెలతరగ నదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. గెలవాలనుకున్నవాడు తన నదిలో ఒక్కడే పందెం కట్టి గెలిచాడు. అర్జీల పాకని మాత్రం విడగొట్టలేదు. కౌంటరు విభజించాలంటే ఆర్థికశాఖ అనుమతి కావాలిట. అందుకని ప్రతి నది ఒడ్డునా ఒక పాక తలుపుంది గానీ, ఆ తలుపులన్నీ తెరుచుకునేది ఒకే పాకలోకి. అదెవరూ పట్టించుకోలేదు. ఇక పాకతో పనెవరికి?

నిజంగానే పని లేకపోయింది. జనం తమ నదులు చూసుకుని, అడిగినదంతా ఉందని తేల్చుకుని, వరసగా తృప్తి బటన్ నొక్కేశారు. పద్నాలుగు వేలు రెండు వందలయ్యాయి, రెండు వందలు పదకొండయ్యాయి. ఎనభై ఎనిమిదో రోజు మధ్యాహ్నం ప్రసూన తెర మీద సున్నా కనబడింది. గుండ్రంగా, నున్నగా, కొత్త గాజులా. ఆమె ఆ సున్నాని ఫోటో తీసుకుంది.

ఆ సాయంత్రం ఆరున్నరకి రెల్లుగడ్డి దాటి, బోర్లించిన పడవ ఎక్కి కూర్చుంది. పక్కన చోటు ఖాళీగా ఉంది. బస్సు ఆలస్యమైందేమో అనుకుంది. కొంగ వచ్చింది. నిలబడింది. ఎగిరిపోయింది. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు?" అన్నాడు భార్గవ. "కొంగ కూడా వెళ్ళిపోయింది."

"నేను పడవ మీదే ఉన్నాను."

"నేనూ పడవ మీదే ఉన్నాను."

ప్రసూన తన పక్కనున్న ఖాళీ జాగా చూసింది. అడిగినవాళ్ళకి అడిగినవన్నీ ఇచ్చారు. వాళ్ళిద్దరూ ఏమీ అడగలేదు. అందుకని వాళ్ళకి పోయినదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"పోనీలే," అన్నాడు భార్గవ. "రెండు రోజుల్లో బదిలీయే వస్తోందిగా."

* * *

తొంభయ్యో రోజున సంస్థ గుమ్మానికి మామిడాకులు కట్టారు. ప్రసూన పట్టుచీర కట్టుకుని, దరఖాస్తుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఎం.డి. గారి గదిలోకి వెళ్ళింది.

ఆయన చదివారు. కళ్ళజోడు తీశారు. తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అమ్మా, దీని సారాంశం ఏమిటి?"

"మా ఆయన్ని ఇటు బదిలీ చేయించమని సార్. మాట ఇచ్చారుగా, ఒక్కొక్కరికి ఒక విన్నపం..."

"అంటే ప్రస్తుత పరిస్థితి పట్ల తమకు తృప్తి లేదు."

"అంటే... లేదండి. ఏడువందల కిలోమీటర్లు కదండి."

ఎం.డి. గారు దరఖాస్తుని నిప్పుకణికలా రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చారు. "మనది శూన్య అసంతృప్తి సంస్థ. ఇది స్వీకరించినచో, సంస్థలో ఒక అసంతృప్తి నమోదైనట్లే. నమోదైన క్షణమున మనము శూన్యము కాము. శూన్యము కానిచో తమ విన్నపము పంపు అర్హత మనకుండదు. కావున ఇది స్వీకరించుటకు వీలు లేదు. స్వీకరించనంత కాలమే పరిష్కరించుటకు అవకాశము కలదు."

"స్వీకరించకుండా ఎలా పరిష్కరిస్తారు సార్?"

"అది పరిశీలించవలసిన అంశము," అన్నారాయన. ఎగతాళి చేయడం లేదు. నిజంగానే బాధపడుతున్నారు. "అమ్మా, నాకూ ఒక విన్నపమున్నది. నేనూ ఇవ్వలేకపోతున్నాను."

ప్రసూన బయటికి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి గొంతు దాకా వచ్చి, ఎవరు ముందని తేల్చుకోలేక ఆగిపోయాయి. గడియారం చూసింది. ఆరుంబావు. ఉద్యోగి అర్జీ ఇవ్వకూడదు, సరే. కానీ తను ఉద్యోగి మాత్రమే కాదు, తనకీ ఒక పడవుంది. ఫోన్ తీసి భార్గవకి ఒక్క ముక్క రాసింది: "పాక తలుపు దగ్గరికి రా."

పాక ఖాళీగా ఉంది. బెంచీల మీద దుమ్ము కూడా గీశాడు యాకూబ్, మహానుభావుడు. ప్రసూన ఈసారి కిటికీ వెనక కాకుండా, తన పడవ బొమ్మతో వచ్చి మొదటి నంబరు తీసుకుని కూర్చుంది. ఎదుటి తలుపు తెరుచుకుని భార్గవ బొమ్మ లోపలికి వచ్చింది. రెండో నంబరు తీసుకుంది. పక్కన కూర్చుంది.

"ఏవోయ్," అని రాసింది ప్రసూన.

ఆమె అర్జీ ఇది: "నా పడవ మీద ఇంకొకరు కూర్చునే జాగా పోయింది. వెతికి ఇప్పించగలరు."

అయిదు నిమిషాలకి మూడో తలుపు తెరుచుకుంది. రక్తనేత్ర. "హమ్మయ్య, మనుషులు!" అంటూ వచ్చి కూర్చుంది. "నా నదిలో మొసళ్ళు అద్భుతంగా కరుస్తున్నాయమ్మా. కానీ చెప్పుకోడానికి ఒక్క వెధవ లేడు." ఆ వెనకే వెన్నెలతరగ. "నీళ్ళ చప్పుడు బాగుందక్కా. కానీ గోల చేసేవాళ్ళు లేకపోతే ప్రశాంతంగా ఉన్నట్టు తెలియట్లేదు. ఆంటీ గారూ, మీరిక్కడున్నారా! మీ గోల లేక..."

"మామ్మ అన్నావుగా ఆ రోజు?"

"ఆ మాట మీకింకా గుర్తుందా!"

ఏడు గంటలకి మూడువందల మంది. మర్నాటికి తొమ్మిది వేలు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే గెలల బరువు గురించి, చేపల గురించి, వీరయ్య గురించి తగవులాడుకుంటున్నారు. వీరయ్య కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. యాకూబ్ ఎవరికీ చెప్పకుండా తీసుకొచ్చాడు. కిటికీ దగ్గర నంబరు పిలిస్తే ఎవరూ లేవడం లేదు.

"నలభై మూడు! నలభై మూడో నంబరు!"

"నలభై నాలుగుని పిలవండమ్మా, నేను తర్వాత వస్తాను."

"నన్నెందుకు పిలవడం? నా తర్వాతాయన్ని పిలవండి."

ఎవరి అర్జీ తీరినా వాళ్ళు పాకలోంచి లేవాలి. లేవడం ఎవరికీ ఇష్టం లేదు.

* * *

నాలుగో రోజు పొద్దున్న రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. ఎం.డి. గారు లేచి నిలబడి అందుకున్నారు. సున్నా పోయి ముప్ఫై ఎనిమిది వేలు కనబడుతున్న తెరని హాలంతా భయంగా చూస్తోంది. "చిత్తం... చిత్తం... అన్నీ పెండింగే అండి... చిత్తం?" ఆయన మొహంలో రంగు పోయింది, వచ్చింది, అంతకుముందు లేనంత వచ్చింది.

ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చారు.

"సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ముప్ఫై ఎనిమిది వేలమంది పౌరులు స్వచ్ఛందంగా ఒకే చోట కూర్చుని, నాలుగు దినములుగా లేవకుండా ఉన్న ప్రభుత్వ కార్యక్రమం మునుపెన్నడూ లేదట! పై వారు మిక్కిలి ప్రశంసించారు. శూన్య అసంతృప్తి పథకం ఈ క్షణం నుంచి రద్దు. దాని స్థానే సంపూర్ణ అసంతృప్తి పథకం అమలులోకి వచ్చినది. అర్జీ లేని పౌరుడు ఉండరాదు. మనమే ఆదర్శంగా నిలవవలెను. కావున రేపు ఉదయం పది గంటలకల్లా సిబ్బందిలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక అసంతృప్తి లిఖితపూర్వకంగా సమర్పించవలెను. సమర్పించనివారిపై చర్య తీసుకొనబడును."

హాల్లో తొమ్మిది సొరుగులు ఒకేసారి తెరుచుకున్న చప్పుడు.

"నాది సిద్ధం," అన్నాడు యాకూబ్. "నదులన్నీ మళ్ళీ కలిపేయడానికి అనుమతి. మొసళ్ళు ఉంటాయి, ఫారాలు ఉండవు."

"మరి తమరి అసంతృప్తి ఏంటి సార్?" అని అడిగింది ప్రసూన. ఇప్పుడు అడగడానికి భయం వేయలేదు.

ఎం.డి. గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఆ పాకలో నేనూ కూర్చున్నానమ్మా, మూడు రోజులు. ఆ మొసళ్ళ రత్నమాణిక్యం గారు 'నీ పడవేదయ్యా' అని అడిగారు. నాకు పడవ నడపడం రాదు. ఇన్నేళ్ళలో ఎవరూ నేర్పలేదు. అదీ నా విన్నపము."

ఆ సాయంత్రం ఆరున్నరకి పాకలో మూడో బెంచీ మీద, ఈ చివర ప్రసూన, ఆ పక్కన భార్గవ. పాక కప్పు మీద కొంగ వచ్చి వాలింది. యాకూబ్ దాన్నీ తీసుకొచ్చాడు.

"రాశావా?" అన్నాడు భార్గవ.

"ప్లాస్టిక్ కవరులోనే ఉందిగా. తారీఖు ఒక్కటి మార్చాను."

"ఈసారైనా తీసుకుంటారా?"

"ఇవ్వకపోతేనే నా మీద చర్యట." ప్రసూన పక్కనే పెట్టుకున్న కాజా కాస్త కొరికి, పాకం కారకుండా చుబుకం ఎత్తి, ఒంటిచేత్తో రాసింది. "రేపు పదింటికోయ్. నేను తొమ్మిదింటికే వెళ్ళి గుమ్మంలో నిలబడతాను. మొదటి నంబరు నాది."